వాగుకు యాంటీబయోటిక్ కోర్సు

సిప్రోఫ్లాక్ససిన్ షెడ్యూల్ ‘హెచ్’ మందు. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు. డోసు తప్పకూడదు. ఈ మూడు నియమాల్లో కనీసం రెండింటిని నిష్ఠగా పాటించిన ప్రాణి మన తెలుగునేల మీద ఒకటుంది. పేరు ఇసకవాగు, ఊరు పటాన్‌చెరు. చీటీ ఒక్కటే లేదు. తక్కిన విషయంలో దాన్ని వేలెత్తి చూపడానికి లేదు. పగలనక రాత్రనక, పండగనక పబ్బమనక, పట్టిన మందు పట్టినట్టే తాగింది.

ఆ రోగి కేస్‌షీట్ 2007లో ప్రపంచానికి తెలిసింది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర నీళ్లు పట్టి పరీక్షించింది. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల మురుగు వచ్చి చేరే కేంద్రమది. ఒక సంగతి గమనించాలి. వాళ్లు పట్టింది లోపలికి పోయే మురుగు కాదు, శుద్ధి ముగించుకుని, తలదువ్వుకుని, వాగులోకి బయల్దేరిన నీళ్లు. ఆ నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. రోజుకు వాగులో పోతున్న సిప్రో లెక్కగడితే సుమారు 45 కిలోలు. 90 లక్షల మంది ఉన్న స్వీడన్ దేశమంతా 5 రోజుల్లో వాడే మందది. మన భాషలో చెప్పాలంటే రోజుకు 90 వేల మాత్రలు, 500 మిల్లీగ్రాములవి, రేపర్ విప్పకుండానే ప్రవాహంలో కలిపినట్టు.

సిప్రోతో సరిపెట్టుకుంటే మన ఆతిథ్యానికి మాటొస్తుంది. అదే నీళ్లలో లోసార్టన్, మెటోప్రొలాల్ ఉన్నాయి, అంటే వాగుకు బీపీ వైద్యం జరుగుతోంది. సెట్రిజిన్ ఉంది, జలుబూ దురదా రాకుండా. రానిటిడిన్ ఉంది, గ్యాస్ పట్టకుండా. సిటాలోప్రామ్ కూడా ఉంది. అది మానసిక దిగులుకు ఇచ్చే మందు. ఇన్ని మందులు తాగాల్సి వచ్చిన వాగుకు దిగులు పుట్టదా మరి? ఎవరో దూరదృష్టి గలవాళ్లే అది కూడా కలిపారు.

ఇక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం పనితనం కొంచెం చెప్పుకోవాలి. రసాయనాలు మరీ గాఢంగా ఉంటే మురుగును తినే సూక్ష్మజీవులు బతకవు. అందుకని కంపెనీల మురుగులో జనం వాడిన మామూలు మురుగును, అంటే మన మరుగుదొడ్ల నీళ్లను, కలిపేవారు. ఇంజినీరింగ్ పుస్తకం ప్రకారం సబబే. బ్యాక్టీరియా వైపు నుంచి చూడండి. మనిషి కడుపులోంచి వచ్చిన సూక్ష్మజీవిని పట్టుకొచ్చి, తిండిపెట్టి, పొద్దున్నుంచి రాత్రిదాకా సిప్రో, నార్‌ఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ నూరిపోసి, తట్టుకోలేనిదాన్ని చావనిచ్చి, తట్టుకున్నదాన్ని పై క్లాసుకు పంపి, చివరికి ర్యాంకరును వాగులోకి వదిలారు. మన కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో కూడా ఇంత క్రమశిక్షణ లేదు. 2011లో అదే ప్రాంతపు వాగు అడుగు మట్టిని పరీక్షిస్తే మందులను ఎదిరించే జన్యువులు గుట్టలుగా బయటపడ్డాయి. ఫలితాలు నూటికి నూరు శాతం అన్నమాట. 2019లో ప్రపంచంలో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లెక్క తేల్చారు. అందులో మన వాగు వాటా ఎంతో ఎవరూ విడదీయలేదు. ఆ సందులోనే కంపెనీలన్నీ నిర్దోషులుగా నిలబడి ఉన్నాయి.

ఈ రోగికి సర్కారువారు చేసిన శస్త్రచికిత్స ఇంకా గొప్పది. శుద్ధి చేసిన నీళ్లను వాగులో వదిలితే గొడవవుతోందని, పటాన్‌చెరు నుంచి 18 కిలోమీటర్ల గొట్టం వేసి హైదరాబాద్ మురుగులో కలిపారు. అక్కణ్ణుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, తర్వాత మూసీకి. వాగు నక్కవాగులో కలిసి, మంజీరా మీదుగా గోదావరికి చేరేది. మూసీ అయితే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నదీజలాల పంపకం తేల్చలేక ట్రిబ్యునళ్ల మీద ట్రిబ్యునళ్లు తలపండిపోయాయి. మురుగు పంపకం మాత్రం ఒక్క గొట్టంతో తేలిపోయింది. గోదావరి బేసిన్ నుంచి కృష్ణా బేసిన్‌కు నీటి మళ్లింపు, పై రాష్ట్రం అభ్యంతరం లేదు, కింది రాష్ట్రం అభ్యంతరం లేదు, అపెక్స్ కౌన్సిల్ సమావేశం లేదు.

సరే, అవన్నీ పాత సంగతులంటారు. ఇప్పుడు పరిశ్రమ పచ్చబడింది. నిజమే, ఎంత పచ్చబడిందో చూడాలంటే ఏ పెద్ద కంపెనీ వార్షిక నివేదికైనా తెరవండి. విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ బాధ్యత నివేదిక ఇచ్చి తీరాలని సెబీ 2022-23 నుంచి రూలు పెట్టింది. దాంతో నివేదికలు లావెక్కాయి. అట్ట మీద ఆకు. ఆకు మీద మంచుబొట్టు. లోపల పసిపిల్ల అరచేతిలో మొలక. తర్వాత పేజీలో జూన్ 5న ఆకుపచ్చ టోపీ పెట్టుకుని మేనేజింగ్ డైరెక్టరుగారు మొక్క నాటుతుంటారు. ఆయన పట్టుకున్న పారకు మట్టి అంటదు. గుంత ముందే తవ్వి ఉంటుంది, నీళ్లు పోసే మనిషి ఫొటోలో పడడు. ఆఫీసులో మామూలు బల్బులు తీసేసి ఎల్ఈడీలు పెట్టాం. క్యాంటీన్‌లో ప్లాస్టిక్ కప్పులు మానేశాం. కాగితానికి రెండువైపులా ప్రింటు తీస్తున్నాం. ఉద్యోగులకు సైకిల్ తొక్కే దినం పెట్టాం. ఇన్ని చేసిన కంపెనీని గేటు బయట నిలబడి ఓ పెద్దాయన అడిగాడనుకోండి: “సార్, మీ మందు మా చెర్వుల ఎంత కలుస్తున్నది?” జవాబు వెంటనే వస్తుంది: “తాతా, మేం 10 వేల మొక్కలు నాటాం.”

అడిగినదానికీ చెప్పినదానికీ సంబంధం లేదని మీకనిపిస్తే మీకు కార్పొరేట్ భాష రాదు. ఆ భాషలో కొలవకూడనిదాని గురించి అడిగితే కొలవదగ్గది చెబుతారు.

అసలు కొలవడం చేతకాని పరిశ్రమ అయితే జాలిపడొచ్చు. వీళ్ల కొలతలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ప్రొడక్షన్ బ్లాకులో బ్యాచ్ దిగుబడి ఒక్క శాతం తగ్గితే చాలు, షిఫ్ట్ ఇన్‌చార్జిని పిలిచి నిలబెట్టి అడుగుతారు. ఎన్ని కిలోల ముడిసరుకు రియాక్టరులో పోశారు, ఎన్ని కిలోల మందు బయటికొచ్చింది, సెంట్రిఫ్యూజ్‌లో ఎంత మిగిలింది, మదర్ లిక్కర్‌లో ఎంత పోయింది, డ్రయ్యర్ గోడలకు ఎంత అంటుకుంది, ప్రతి గ్రాముకూ పద్దుంటుంది. ఉండాలి కూడా, అది డబ్బు. పోసినదాంట్లోంచి వచ్చినదాన్ని తీసేస్తే మిగిలింది ఎటు పోయిందో చెప్పడానికి స్వీడన్ నుంచి ఎవరూ రానక్కర్లేదు. అకౌంట్స్ సెక్షన్లో తీసివేత వచ్చిన గుమాస్తా చాలు. ఆ తేడా గోడ లోపల కాగితం మీద ఉంటే ‘దిగుబడి నష్టం’. గోడ దాటి కాలువలోకొస్తే దానికి పద్దు లేదు, పేరు లేదు.

పోనీ యంత్రాలు లేవా? 2018లో వల్సార్టన్ బీపీ మాత్రల్లో నైట్రోసమీన్ అనే కల్తీ బయటపడింది. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు దాని పరిమితిని రోజుకు 96 నానోగ్రాములుగా ఖరారు చేశారు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఆ నలుసును పట్టుకోవడానికి కోట్లు పోసి మాస్ స్పెక్ట్రోమీటర్లు కొన్నారు మనవాళ్లు. మందులో నానోగ్రాము దొరుకుతుంది, కాలువలో మిల్లీగ్రాము దొరకదు. అమెరికా వైపు తిప్పితే డేగకళ్లు, ఊరివైపు తిప్పితే రేచీకటి. వారానికొకసారి ఆ యంత్రం ముందు కాలువనీళ్ల సీసా పెట్టమని చెప్పడమే మందుల కంపెనీ పర్యావరణ భారం తగ్గించుకోవడానికి నాకు తెలిసిన మొట్టమొదటి సలహా. ఇలాంటి సలహా ఇచ్చిన కన్సల్టెంటుకు రెండో ఫీజు రాదు, అది వేరే సంగతి.

ఆన్‌లైన్ మీటర్లున్నాయి కదా, కాలుష్య నియంత్రణ మండలికి ఇరవైనాలుగ్గంటలూ లెక్కలు పోతూనే ఉంటాయి కదా అంటారు. పోతాయి. పీహెచ్ పోతుంది, సీఓడీ పోతుంది, ప్రవాహం ఎంతో పోతుంది. సీఓడీ అంటే నీళ్లలో ఉన్న సేంద్రియ పదార్థమంతా కలిపి ఎంత ఆక్సిజన్ తాగుతుందో చెప్పే అంకె. వాగుల్లోకి వదిలే నీళ్లకు దాని హద్దు లీటరుకు 250 మిల్లీగ్రాములు. 2007లో ప్రపంచాన్ని నోరెళ్లబెట్టేలా చేసిన ఆ 31 మిల్లీగ్రాముల సిప్రో మొత్తం ఈ మీటరు ముందుకొచ్చి నిలబడినా, సీఓడీలో దాని బరువు సుమారు 50. హద్దులో పావువంతు నిండదు. మీటరు ముందు నుంచే ఏనుగు దర్జాగా నడిచిపోతుంది, మీటరు ‘అంతా క్షేమం’ అని మండలికి మెసేజ్ పెడుతుంది. బ్యాక్టీరియాలో తిరుగుబాటు పుట్టకుండా ఉండాలంటే నీళ్లలో సిప్రో లీటరుకు 0.06 మైక్రోగ్రాముల దగ్గర ఆగాలని యాంటీబయోటిక్ కంపెనీల కూటమే 2018లో ప్రకటించిన లక్ష్యాల్లో రాసుకుంది. ఆనాడు వాగుకు పట్టింది దానికి 5 లక్షల రెట్లు.

ఇక చట్టం సంగతి. ఇది చదివి నవ్వకుండా ఉండగలిగితే మీరు కాలుష్య నియంత్రణ మండలిలో ఉద్యోగానికి అర్హులు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. మందుల కంపెనీల మురుగులో ఏ యాంటీబయోటిక్ ఎంత మించకూడదో ఒక్కొక్కదానికీ పేరు పెట్టి అంకె వేసింది. నూటికి పైగా మందులు. ప్రపంచంలో ఏ దేశమూ చేయని పని మనం చేస్తున్నామని పేపర్లు రాశాయి, శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు. ఏడాదిన్నర ఆలోచించి 2021 ఆగస్టులో అసలు నోటిఫికేషన్ ఇచ్చారు. పీహెచ్ ఉంది, బీఓడీ ఉంది, సీఓడీ ఉంది. యాంటీబయోటిక్‌లు లేవు. ఒక్కటీ లేదు. పెళ్లిపందిరి వేసి, భోజనాలు వడ్డించి, పెళ్లికూతురిని మాత్రం ఇంటికి పంపేశారు. పరిశ్రమ ప్రతినిధులు ఆ రోజు సంతోషంగా ఏ మాత్ర వేసుకుని పడుకున్నారో తెలియదు గానీ, వాగులకు మాత్రం కోర్సు పొడిగించారు. 2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ కంపెనీల వ్యర్థాల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. అంటే మనం రాసి చింపేసిన కాగితం అవసరమని జెనీవా మనకు గుర్తుచేసింది.

ఇప్పుడు పరిశ్రమకు ఇష్టమైన మంత్రం ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’. చుక్క కూడా బయటికి పోదట. మంచిదే. పెద్ద కంపెనీలు చాలా ఖర్చుపెట్టి ఈ ఏర్పాట్లు చేసుకున్నాయి, 2007 నాటి వాగుకూ ఇప్పటికీ తేడా లేదనడం అన్యాయం. అయితే ఆ సున్నా లోపల ఏముందో తొంగిచూడండి. ఉప్పు ఎక్కువున్న మురుగును వేరుచేసి ఆవిరి చేస్తారు, దానికి ఎంఈఈలనే ఆవిరి యంత్రాలు. ఇంకా మిగిలిన చిక్కటి పులుసును ఏటీఎఫ్‌డీ అనే ఆరబెట్టే యంత్రంలో ఎండబెట్టి పొడి చేస్తారు. ఆవిరి ఊరికే రాదు, బాయిలర్ తిరగాలి, బొగ్గో ఊక బ్రికెట్లో మండాలి. పొడి ఊరికే పోదు, లారీలెక్కి ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే దుండిగల్ గుట్టకు చేరాలి. ద్రవం సున్నా చేశాం కాబట్టి పొగ ఎక్కువైంది, గుట్ట ఎత్తైంది. ఊరివాళ్లకు ఇంకో లెక్క కూడా తెలుసు. పెద్ద వాన పడిన రాత్రి కాలువ రంగు మారుతుంది, పొద్దున చెరువులో చేపలు వెల్లకిలా తేలతాయి. 2017 అక్టోబర్‌లో పటాన్‌చెరు దగ్గరి గండిగూడెం చెరువులో లక్షల చేపలు అలాగే తేలాయి. ఇలాంటప్పుడు అధికారులు చెప్పే కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది. తగ్గే ఉంటుంది. ఉరేసుకున్నవాడి చావుకు కారణం కూడా ఆక్సిజన్ తగ్గడమే.

సున్నా కోసం పడే ఆ తంటాలో సగం అక్కర్లేదు. మురుగంతా ఒక తొట్టిలో కలిపి, తర్వాత విడదీయడానికి కోట్లు పోయడం కంటే కలపకముందే ఆపడం తేలికని రియాక్టర్ దగ్గర పనిచేసే హెల్పరుకూ తెలుసు. పాత్ర ఖాళీ అయ్యాక గోడలకంటిన మందును పొడిగానే గీకి తీస్తే, ఆ మందు నీళ్లలోకే రాదు. తర్వాత కడిగే మొదటి నీళ్లలోనే మందు ఎక్కువ. ఆ మొదటి కడుగు నీళ్లను వేరే డ్రమ్ముల్లో పట్టి, గాఢంగా ఉన్నప్పుడే ఓజోన్‌తోనో, ఆల్కలీతోనో మందు అణువును విరగ్గొట్టాలి. లేదా సిమెంటు కొలిమిలో తగలెయ్యాలి. మందును నీళ్లతో పలచన చేస్తే అంకె తగ్గుతుంది గానీ మందు తగ్గదు. ఇంత చిన్న పనికి పెద్ద ప్రాజెక్టు రిపోర్టు రాదు, సబ్సిడీ రాదు, రిబ్బను కత్తిరించడానికి మంత్రిగారు రారు. డ్రమ్ముకు రిబ్బను కడితే బాగుండదు మరి.

కాలువ దగ్గర మొదలుపెట్టాం కాబట్టి కాలువే కథంతా అనుకోవద్దు. అసలు కథ రియాక్టరుకు ముందు, కెమిస్టు గీసిన కాగితం మీద మొదలవుతుంది. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1990లలో ఒక మొరటు ప్రశ్న వేశాడు: కిలో సరుకు తయారుచేయడానికి ఎన్ని కిలోల చెత్త పుట్టిస్తున్నారు? పెట్రోలు శుద్ధి చేసేవాళ్లకు కిలోకు 100 గ్రాములు. మామూలు రసాయనాల వాళ్లకు 1 నుంచి 5 కిలోలు. మందులవాళ్లకు 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా పైన. పెట్రోలు కంపెనీని చూసి ముక్కు మూసుకునే లోకం, ప్రాణం పోసే తెల్లకోటు పరిశ్రమను చూసి చేతులు జోడిస్తుంది. ఆ చెత్తలో సింహభాగం టాలూయిన్, మిథనాల్, డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్లదే.

దీన్ని తగ్గించడం సాధ్యం కాదా అంటే, చేసి చూపించినవాళ్లున్నారు. మనం తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు మింగే ఇబుప్రోఫెన్‌ను బూట్స్ కంపెనీ మొదట 6 మెట్లలో చేసేది. పోసిన అణువుల్లో మందులోకి చేరేది 40 శాతమే, తక్కినది చెత్త. తర్వాత వచ్చిన కొత్త పద్ధతిలో మెట్లు 3. అణువుల్లో 77 శాతం మందయ్యాయి. ఆ పద్ధతితో 1992లో అమెరికాలో ఫ్యాక్టరీ నడిచింది, 1997లో దేశాధ్యక్షుడి హరిత రసాయన బహుమతి వచ్చింది. దిగులు మాత్ర సెర్‌ట్రలిన్ తయారీలో ఫైజర్ నాలుగు రకాల సాల్వెంట్లు మానేసి ఒక్క ఇథనాల్‌తో పని కానిచ్చి, దిగుబడి రెట్టింపు చేసింది. షుగర్ మాత్ర సిటాగ్లిప్టిన్‌లో మెర్క్, కోడెక్సిస్ వాళ్లు లోహ ఉత్ప్రేరకాన్ని పక్కనబెట్టి ఎంజైమును పనిలో పెట్టారు. చెత్త 19 శాతం తగ్గింది. చూశారా, ఎక్కడా మొక్కలు నాటలేదు. కెమిస్టుకు కుర్చీ వేసి, టైమిచ్చి, ‘ఇది ఇంకోలా చేయొచ్చా?’ అని అడిగారు. మన దగ్గర ఆ ప్రశ్న అడిగే టైము ఉండదు. పేటెంటు ముగిసిన రోజుకల్లా ఫైలింగ్ వెళ్లాలి. ఒకసారి రెగ్యులేటరుకు రాసిచ్చిన పద్ధతి మార్చాలంటే మళ్లీ కాగితాలు, మళ్లీ పరీక్షలు, మళ్లీ ఖర్చు. మెరుగుపరచడానికి అనుమతి దొరకడం ఆలస్యం, మురికి కొనసాగించడానికి అనుమతి ముందే ఉంది. ఈ మాటలో కంపెనీల పక్షాన న్యాయం ఉంది, అందుకే ఒప్పుకుంటున్నాను. సాల్వెంటును మళ్లీ వడగట్టి వాడుకోవడంలో మనవాళ్లు గట్టివాళ్లని కూడా ఒప్పుకుంటాను. లీటరు టాలూయిన్ ఎంతో వాళ్లకు తెలుసు. లీటరు వాగు ధర ఎంతో ఎవరూ చెప్పలేదు, అదే తేడా.

ధర మాట వచ్చింది గనుక కొనేవాళ్ల వైపూ ఒక చూపు చూద్దాం. యూరప్ తన ముంగిట్లో ఇలాంటి కాలువలు పారనివ్వదు. మందు మాత్రం చవగ్గా కావాలి. సిప్రో మాత్ర ఇక్కడ హోటల్లో టీ కంటే చవక. ఆ ధర ఎలా సాధ్యమని అడిగిన కొనుగోలుదారుడు చాలాకాలం కనపడలేదు. ముక్కు పట్టుకుని నీళ్ల సీసాలు పట్టుకెళ్లిన శాస్త్రవేత్త ఆ ఖండంవాడే, బేరం గీకిన టెండరు ఆ ఖండానిదే. నార్వే ఆస్పత్రుల కొనుగోలు సంస్థ కాస్త సిగ్గుపడి, 2019లో యాంటీబయోటిక్ టెండర్లలో 30 శాతం మార్కులు పర్యావరణానికి పెట్టింది. మన రాష్ట్ర వైద్య మౌలిక వసతుల సంస్థలు కూడా కోట్ల మాత్రలు కొంటాయి. ఊరి ఆస్పత్రికి కొనే మాత్రలో ఊరి చెరువుకు 5 మార్కులు వేసినా గేటు దగ్గర గాలి మారుతుంది. ఆ ఫైలు మీద సంతకం చేయడానికి ఎవరి చెయ్యీ నొప్పి పెట్టదు, పెడితే ఇబుప్రోఫెన్ ఉంది.

పోయినవాళ్ల పద్దు కూడా చెప్పుకోవాలి. 1970లలోనే పటాన్‌చెరులో వైద్యం మొదలుపెట్టిన డాక్టర్ అల్లాని కిషన్ రావు, రోగుల చర్మాలూ కడుపులూ చూస్తూ చూస్తూ వాగును కూడా రోగుల జాబితాలో చేర్చుకుని జీవితాంతం పోరాడారు. 1990లో ఆ ప్రాంతపు కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకెక్కింది. అక్కణ్ణుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు నడిచి 2017కు గానీ తీర్పు దగ్గరకు రాలేదు. 27 ఏళ్లు. కేసు పడిననాడు పుట్టిన పిల్ల తీర్పునాటికి తల్లైపోయింది. పొలం చవుడుబారిన రైతుకు నష్టపరిహారమంటే ఏడాది పంటకు ఇచ్చే ముష్టి. భూమి మాత్రం అక్కడే ఉంది, ఎవరికీ కౌలుకు పనికిరాకుండా. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే అతి కలుషితం. పటాన్‌చెరు-బొల్లారం కష్టపడి ఆ గీత దాటింది. తెలుగువాళ్లం, డిస్టింక్షన్ తెచ్చుకోకుండా ఊరుకుంటామా?

ఇంత జరిగాక హైదరాబాద్ దగ్గరి ముచ్చర్లలో 19 వేల ఎకరాల ఫార్మా సిటీ అన్నారు. అది పర్యావరణ హితమన్నారు. తర్వాత సర్కారు మారింది, సిటీ పోయి ఫార్మా విలేజ్‌లన్నారు. 2024 నవంబర్‌లో లగచర్లలో భూమి అడగడానికి కలెక్టరు వెళితే జనం తిరగబడ్డారు. ఎందుకు ఇంత కోపమని రాజధానిలో టీవీ చర్చలు పెట్టారు, కుట్ర కోణం వెతికారు. పటాన్‌చెరు చుట్టాలు వికారాబాద్ జిల్లాలో లేరనుకున్నారేమో! “అక్కడ మా మేనత్త బోరు నీళ్లు ఎట్లుంటయో మేం చూడలేదా?” అన్న మాటకు ఏ నివేదిక అట్టమీది ఆకూ జవాబు చెప్పలేదు. చివరికి సర్కారు వెనక్కి తగ్గి ఫార్మా అన్న మాట తీసేసి పారిశ్రామిక పార్కు అన్నది. పేరు మార్చడం తేలిక, దానికి మురుగు శుద్ధి ప్లాంటు అక్కర్లేదు. కంపెనీలవాళ్లు ఒక్క విషయం లాభనష్టాల పట్టీలో వేసుకుని చూసుకోవచ్చు: కాలువలో వదిలిన ప్రతి కిలో మందూ తర్వాతి ఫ్యాక్టరీకి దొరకాల్సిన ఎకరాల్లోంచి కట్ అవుతోంది.

ప్రమాదకర వ్యర్థాలు పుట్టించే ప్రతి పరిశ్రమా గేటు దగ్గర బోర్డు పెట్టి, లోపల ఏం నిల్వ ఉంది, బయటికి ఏం పోతోంది రాయాలని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. బోర్డులున్నాయి. కొన్నింటికి మొన్న వేసిన రంగు, కొన్నింటి మీద పోయిన సంవత్సరపు అంకెలు, కొన్నింటి ముందు సెక్యూరిటీ వాళ్ల మోటార్ సైకిళ్లు. ఆ బోర్డులో ఇంకొక్క గడి గీయమని నా విన్నపం. ‘నిన్న మా మందు, మా కాలువలో, ఎంత’. రోజూ సుద్దముక్కతో రాస్తే చాలు. పక్కూరి బడిపిల్లలు చదువుకుంటూ పోతారు, వాళ్లకు దశాంశాలు వస్తాయి.

ఈ మాట ఫార్మా మీటింగులో అంటే పర్యావరణం, భద్రత చూసే ఈహెచ్ఎస్ మేనేజరు గారు మర్యాదగా నవ్వి, “గుడ్ సజెషన్ సార్, కానీ ఆ గడికి ఫార్మాట్ రాలేదు, బడ్జెట్ హెడ్ లేదు” అంటారు. గడి గీసే పెయింటరు కూలీ గురించైతే బెంగపడకండి. మొక్కల పద్దులో రాసేయండి, ఆడిటరు అటువైపు ఎలాగూ చూడడు.